మిలట్రీ వాళ్ల ఇంటికి ఎవరెళ్తారు?

(2025 డిసెంబరు 7, ఆదివారం, సాయుధ దళాల పతాక దినోత్సవం. విజయనగరం జిల్లాలోని మా ఊరి హైస్కూలు ఆవరణలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ బల్లలు ఖాళీగానే ఉన్నాయి. రండి బాబూ, మొహమాటం లేదు. కాసేపయితే అక్కడికి ఎండ వచ్చేస్తుంది.

కోతలు నడుస్తున్నాయి. కొందరి చేలో కుప్పలు ఇంకా వెయ్యలేదు. అయినా ఇంతమంది వచ్చారు, సంతోషం.

పొద్దున్న పిల్లలు మీ చొక్కాలకి, చీర కొంగులకి చిన్న జెండా గుచ్చారు కదా. ఒకసారి దాన్ని చూసుకోండి. మూడు రంగులున్నాయి, కానీ మన జాతీయ జెండా రంగులు కావు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. ఎరుపు ఆర్మీది, ముదురు నీలం నేవీది, లేత నీలం ఎయిర్‌ఫోర్సుది. 1949 నుంచి ప్రతి ఏడాదీ డిసెంబరు 7న ఈ జెండా ఇచ్చి విరాళం అడుగుతారు. ఆ డబ్బు మాజీ సైనికులకి, యుద్ధంలో భర్తని పోగొట్టుకున్న ఆడవాళ్లకి, గాయపడి వచ్చినవాళ్లకి వెళ్తుంది.

మనం పదో ఇరవయ్యో డబ్బాలో వేశాం. జెండా గుచ్చుకున్నాం. సాయంత్రం చొక్కా విప్పి ఉతికేవాటిలో పడేస్తాం. ఆ తరవాత? నేను మాట్లాడదామని వచ్చింది ఆ తరవాత గురించే. డిసెంబరు 8 నుంచి మళ్లీ వచ్చే డిసెంబరు 7 దాకా మనం ఏం చేస్తున్నాం?

మన ఊళ్లలో ఒక అలవాటుంది. పట్టాళంలో చేసి వచ్చినవాడికి ఊరు ఇంటిపేరు మార్చేస్తుంది. మిలట్రీ నాయుడు, మిలట్రీ తాత, మిలట్రీ ఓలి కోడలు. ఎవరి ఇల్లు అని అడిగితే మిలట్రీ ఓలి ఇల్లు అంటాం. ప్రేమగానే అంటాం, కాదనను. మరి మీ వీధిలో ఉన్న ఆ మిలట్రీ ఆయన ఏ రెజిమెంటులో చేశారో, ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పగలిగినవాళ్లు చేతులెత్తండి.

ఇద్దరు. అందులో ఒకమ్మాయి ఆయన మనవరాలే. చెయ్యి దింపు తల్లీ, కూర్చో.

మిమ్మల్ని తప్పుపట్టడానికి అడగలేదమ్మా. నాకూ తెలియలేదు. అదీ మా ఇంట్లో, మా నాన్న గురించి.

మా నాన్న 1971 యుద్ధంలో తూర్పు వైపు ఉన్నారు. ఆయన ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు, 99 ఏ.పి.ఓ. అని ఉండేది, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు. మా అమ్మకి చదువు రాదు. మొదట్లో పోస్టుమాస్టరు గారు చదివిపెట్టేవారు. నేను రెండో తరగతికి వచ్చాక ఆ పని నాకు వచ్చింది. నాన్న ఎక్కడున్నారే అని ఎవరైనా అడిగితే మా అమ్మ, తొంభై తొమ్మిదిలో ఉన్నారు అనేది. తొంభై తొమ్మిది అనే ఊరు ఒకటి ఉందని, అక్కడ కూడా మన గంటస్తంభం లాంటిది ఒకటి ఉంటుందని నేను అనుకునేదాన్ని.

ఆయన తిరిగొచ్చినప్పుడు ఒక నల్ల ట్రంకు పెట్టె తెచ్చారు. మీలో చాలామంది ఇళ్లలో ఉంటుంది. మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. అడుగున పాత పేపరు, దాని మీద ఒక రగ్గు, ఎనామెల్ మగ్గు, గడ్డం గీసుకునే బ్రష్షు. ఒక పౌడరు డబ్బాలో నక్షత్రంలా ఉన్న మెడల్, దానికి సగం పోగులు ఊడిన రిబ్బను. చిన్నప్పుడు నేను దాన్ని తీసి బొమ్మల పెళ్లిలో పెళ్లికొడుకు మెడలో వేశాను. నాన్న చూశారు. ఒక్క మాట అనలేదు. తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్లీ డబ్బాలో పెట్టుకున్నారు.

ఆయన పోయిన పదకొండో రోజున ఒక రిటైర్డ్ సుబేదారు గారు పరామర్శకి వచ్చారు. ట్రంకు పెట్టెలో కాగితాలు వెతుకుతుంటే ఆ డబ్బా కనబడింది. ఆయన మెడల్ చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డారు. అమ్మా, ఇది పూర్వీ స్టార్, డెబ్భై ఒకటి యుద్ధంలో తూర్పు సెక్టారులో ఉన్నవాళ్లకి ఇచ్చింది అన్నారు. నలభై ఏళ్లు ఆ పెట్టె మా ఇంట్లో ఉంది. నేను పంతులమ్మని. రోజూ క్లాసులో పిల్లల్ని ప్రశ్నలు అడగడమే నా పని. మా నాన్నని మాత్రం, నాన్నా ఇదేంటి, ఎక్కడిది అని ఒక్కసారి అడగలేదు.

అందుకే ఈ మాట చెప్తున్నాను. మీ ఇంట్లో, మీ పక్కింట్లో ఆ పెట్టె ఉంటే దాని యజమాని ఉండగానే తెరిపించండి. పక్కన కూర్చోండి. ఒక్కొక్క వస్తువు తీసి అడగండి. పిల్లలూ, మీ దగ్గర ఫోన్లున్నాయి కదా, ఆయన చెప్పింది రికార్డు చెయ్యండి. మొదటి రోజు ఏమీ చెప్పరు. ఏటుందమ్మా సెప్పడానికి, డూటీ సేసినాం, వొచ్చేసినాం అంటారు. రెండో రోజూ అదే అంటారు. మూడోసారి వెళ్లండి.

ఏం అడగాలో కూడా చెప్తాను, ఎందుకంటే మనకి అడగడం రాదు.

సెలవు మీద వచ్చే కుర్రాళ్లని మనం ఏమని పలకరిస్తున్నాం? రెండు మూడు రోజులు రైల్లో కూర్చుని, కొన్నిసార్లు రిజర్వేషన్ లేక బాత్రూము పక్కన బ్యాగు మీద కూర్చుని, తెల్లవారుజామున ఆమదాలవలసలోనో విజయనగరంలోనో దిగుతాడు. ఆటో పట్టుకుని ఊరికి వస్తాడు. టీ కొట్టు దగ్గర దిగగానే మొదటి పలకరింపు, ఏటి బావూ, ఎప్పుడొచ్చినావు? రెండోది, సీసా తెచ్చినావేటి?

నవ్వకండి. నవ్వొచ్చే మాట కాదిది. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి, ఇప్పుడు ఫౌజులోనే ఉన్నాడు, నాతో చెప్పాడు. మేడమ్, పదిమంది పలకరిస్తే ఎనిమిది మంది క్యాంటీన్ మందు గురించే అడుగుతారు, ఇంటికి వెళ్లి అమ్మని చూసేలోపే అయిపోతుంది నా సెలవు సంతోషం అన్నాడు. ఆ మిగిలిన ఇద్దరు ఏం అడుగుతార్రా అంటే, ఎంతమందిని చంపావు అని అడుగుతారు మేడమ్ అన్నాడు.

దయచేసి ఈ రెండూ అడగకండి. అక్కడ చలి ఎలా ఉంటుంది బాబూ అని అడగండి. వంట ఎవరు చేస్తారు, అన్నం పెడతారా రొట్టెలేనా, నీ పక్క మంచం కుర్రాడిది ఏ ఊరు, వాడితో ఏ భాషలో మాట్లాడతావు అని అడగండి. ఇవి అడిగితే వాళ్ల ముఖాలు ఎలా మారిపోతాయో చూడండి. గంట మాట్లాడతారు.

ఇంకొకటి. మాజీ సైనికుడు అనగానే మన కళ్ల ముందు ఒక ముసలాయన, తెల్ల మీసాలు, చేతికర్ర వస్తాయి. మామూలు జవాను పంతొమ్మిదో ఏట చేరితే పదిహేను, పదిహేడేళ్లకి బయటకి వచ్చేస్తాడు. అంటే ముప్ఫై నాలుగు, ముప్ఫై ఆరు. పిల్లలు ఆరో తరగతిలో ఉంటారు. ఇల్లు కట్టిన అప్పు తీరి ఉండదు. అప్పుడు రెండో జీవితం మొదలుపెట్టాలి. కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి ఉద్యోగాల్లో పది శాతం రిజర్వేషన్ ఇస్తోంది, బ్యాంకుల్లోనూ ఉంది. కానీ పరీక్ష రాయాలి. ఎప్పుడో ఇంటర్ చదివినవాడు, నిన్నగాక మొన్న డిగ్రీ ముగించిన పిల్లలతో కూర్చుని లెక్కలు చెయ్యాలి. కోచింగ్ సెంటర్లు నడిపేవాళ్లు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు. వాళ్లకి నేను పెట్టే విన్నపం ఒకటే. మీ బ్యాచిలో ఒక కుర్చీ అలాంటి ఆయనకి ఫీజు లేకుండా ఇవ్వండి. పేపర్లో ఫొటో కూడా వద్దు, కుర్చీ ఇవ్వండి చాలు.

అగ్నివీరుల సంగతి మీకు తెలుసు. 2022లో పెట్టారు, నాలుగేళ్ల సర్వీసు. నలుగురిలో ఒకరిని ఉంచుకుంటారు, మిగతావాళ్లు సేవా నిధి డబ్బు తీసుకుని ఇంటికి వస్తారు. మొదటి బ్యాచి వచ్చే ఏడాది చివరికి బయటకి వస్తుంది. మన రెండు జిల్లాల నుంచి ఎంతమంది కుర్రాళ్లు వెళ్లారో మీకు చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి రోడ్డు మీద పరుగులు తీసినవాళ్లే, మన కళ్ల ముందు. వాళ్లు ఇరవై రెండేళ్లకి, ఇరవై నాలుగేళ్లకి తిరిగొస్తారు. వచ్చినప్పుడు మనం ఏమంటాం? నాకు భయం అదే. నాలుగేళ్లకే వొచ్చేసినాడేటి, తీసేసినారేటి అంటాం. అనకండి. ఒప్పందం ప్రకారం నాలుగేళ్లు చేసి వచ్చాడు. పెళ్లి సంబంధాల దగ్గర, పంచాయతీ అరుగు దగ్గర ఎవరైనా అలా అంటే పెద్దవాళ్లు మీరు ఆపాలి. ఆ కుర్రాడు తనంతట తాను చెప్పుకోలేడు.

మన నేల నుంచి పేరు తెచ్చినవాళ్లు ఉన్నారు. శ్రీకాకుళం బిడ్డ మేజర్ మల్ల రామగోపాల్ నాయుడు గారికి 2024లో కీర్తి చక్ర శౌర్య పురస్కారం ప్రకటించారు. మనకి కూతవేటు దూరంలో ఉన్న కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి నడుస్తోంది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్ బాబు గారు అక్కడే చదువుకున్నారు. వాళ్ల పేర్లు పిల్లలకి చెప్పాలి, చెప్తూనే ఉండాలి. నేను మాట్లాడుతున్నది మాత్రం ఏ పేపర్లోనూ పేరు రానివాళ్ల గురించి. వాహనాలు బాగుచేసి, వంట చేసి, వైర్లు లాగి, కాపలా కాసి, చప్పుడు లేకుండా వెళ్లి చప్పుడు లేకుండా వచ్చినవాళ్లు. మన ఊళ్లో ఉన్నది ఎక్కువ వాళ్లే.

ఇప్పుడు ఇంటివాళ్ల గురించి. దీనికి కొంచెం ఎక్కువ టైము తీసుకుంటాను, ఏమీ అనుకోకండి.

మగవాడు సరిహద్దులో ఉన్నప్పుడు ఇక్కడ ఇంట్లో ఎవరుంటారు? భార్య, చిన్నపిల్లలు, అత్తమామలు. చెరువు కింద ఎకరమో అరెకరమో ఉంటుంది. పక్క చేనివాడు ఏం చేస్తాడు? దుక్కి దున్నినప్పుడల్లా గట్టు ఒక జానెడు ఇటు జరుపుతాడు. ఆ మిలట్రీ ఓడు ఊళ్లో నేడు కదా, సూసేటోడెవడు? రెండేళ్లకి మూరెడు పోతుంది. ఆవిడ అడిగితే, ఆడదానివి నీకేం తెలుసు, మీ ఆయన్ని రమ్మను, కొలుద్దాం అంటారు. ఆయన ఎక్కడి నుంచి రావాలి? లేహ్ నుంచా? ఇలాంటివి నేను నా కళ్లతో మూడు చూశాను. మూడింటిలోనూ గట్టు జరిపినవాడు ఆగస్టు పదిహేనున జెండాకి దండం పెట్టినవాడే.

సైనికుడి మీద గౌరవం ఉంటే గట్టు జరపకండి. అంతకంటే పెద్ద సన్మానం నాకు తెలియదు. ఊరి పెద్దలు సంవత్సరానికి ఒకసారి, విత్తనాలకి ముందు, సైన్యంలో ఉన్నవాళ్ల పొలాల హద్దులు చూసి రండి. సర్వేయరు అక్కర్లేదు, నలుగురు నడిచి వస్తే చాలు. జరిపేవాడికి భయం ఉంటుంది. అయినా గొడవ కోర్టు దాకా వెళ్తే ఆ ఇంటి ఆడవాళ్లకి ఈ సంగతి చెప్పండి. డ్యూటీలో ఉన్న సైనికుడు హాజరు కాలేడు కాబట్టి అతని కేసు వాయిదా వెయ్యడానికి 1925 నుంచే ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది. జిల్లా సైనిక బోర్డుకి అధ్యక్షులు కలెక్టరు గారే. గ్రీవెన్సుకి వెళ్లి ఆ మాట చెప్పి కాగితం ఇవ్వొచ్చు.

2018 అక్టోబరు 11 గుర్తుందా? తెల్లవారకముందే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అక్కడ మా చెల్లెలి అత్తవారి ఊళ్లో ఒక జవాను ఇల్లుంది. ఆయన అప్పుడు కశ్మీరులో. సెల్ టవర్లు పడిపోయాయి, కరెంటు లేదు. ఇంటి మీద కొబ్బరిచెట్టు పడింది. లోపల భార్య, ఏడాది పిల్ల, కళ్లు కనబడని అత్తగారు. నాలుగు రోజులు ఆయనకి ఇంటి కబురు తెలియలేదు. ఆ నాలుగు రోజులు ఆయన అక్కడ తుపాకీ పట్టుకుని ఎలా నిలబడ్డాడో ఆలోచించండి.

వీధిలో నలుగురు కుర్రాళ్లు రంపం తెచ్చి, వానలోనే ఆ చెట్టు కోసి, రేకులు పోయిన చోట టార్పాలిన్ కట్టారు. వాళ్ల ఇళ్లూ పడిపోయాయి, వాళ్లూ నష్టపోయారు. ముందు ఇక్కడికి వచ్చారు. ఐదో రోజు వాళ్లలోనే ఒకడు సిగ్నలు దొరికే చోటికి బండి మీద వెళ్లి ఆ జవానుకి ఫోను చేశాడు. బాగున్నారు అన్నయ్యా, అందరూ బాగున్నారు, పైకప్పు కట్టేశాం అన్నాడు. ఆ జవాను ఇప్పటికీ సెలవుకి వస్తే బ్యాగు ఇంట్లో పెట్టి ముందు ఆ నలుగురి ఇళ్లకి వెళ్లి వస్తాడు. ఆ తరవాతే స్నానం.

మొన్న మే నెలలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు కూడా చూశాం. మా వీధిలో ఒక అబ్బాయి సెలవు సగంలో బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. మనం టీవీల ముందు కూర్చుని చర్చలు పెట్టాం. వాళ్లమ్మ టీవీ కట్టేసి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అలాంటప్పుడు ఆ ఇంటికి వెళ్లి, ఏమైందట, ఎక్కడున్నాడట అని గుచ్చి గుచ్చి అడగొద్దు. ఒక గిన్నెలో కూర పట్టుకెళ్లండి. కాసేపు కూర్చుని రండి.

ఇక కాగితాలు. ఇది వినడానికి విసుగ్గా ఉంటుంది. కానీ ఎక్కువ కన్నీళ్లు నేను ఇక్కడే చూశాను.

నేను, ఇంకో ముగ్గురు రిటైర్డ్ టీచర్లం కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాం. ఒకావిడ భర్త హవల్దారుగా రిటైరై పోయారు. ఫ్యామిలీ పెన్షన్‌కి దరఖాస్తు పెట్టింది. తిరిగొచ్చింది. ఎందుకు? సర్వీసు రికార్డులో భార్య పేరు అప్పలనరసమ్మ. ఆధార్‌లో నరసమ్మ. బ్యాంకు పాసుబుక్కులో ఎ. నర్సమ్మ. ముగ్గురూ ఈవిడే, కానీ కాగితం మీద ముగ్గురు మనుషులు. మన పేర్లు అలా ఉంటాయి కదా, ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు వెనక రాస్తారు. ఒకడు పైడితల్లి అని కలిపి రాస్తాడు, ఇంకొకడు పైడి తల్లి అని విడదీస్తాడు. అలాంటి పేర్ల తేడా మూలంగానే ఆ నరసమ్మ గారికి పద్నాలుగు నెలలు డబ్బు రాలేదు. ఉపాధి పనికి వెళ్లింది.

ఎక్కడికి వెళ్లి సరిచేయించుకోవాలి? ఎవరి రికార్డు ఆఫీసు వాళ్లది. మద్రాసు రెజిమెంటు అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్. ఆర్టిలరీ అయితే నాసిక్. వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈ.ఎం.ఇ. అయితే సికింద్రాబాదు. పెన్షన్ మంజూరు చేసే ఆఫీసు ప్రయాగరాజ్‌లో. ఇప్పుడు స్పర్శ్ అని ఆన్‌లైన్ చేశారు, మంచిదే. కానీ అరవై ఎనిమిదేళ్ల ఆవిడకి ఆ పాస్‌వర్డు, ఓటీపీ ఎవరు చెప్తారు? హిందీలోనో ఇంగ్లీషులోనో ఉత్తరం వస్తే ఎవరు చదివి చెప్తారు?

మా అమ్మకి పోస్టుమాస్టరు చదివిపెట్టినట్టు ఇప్పుడు మీరు చదివిపెట్టాలి. పదో తరగతి, ఇంటర్ పిల్లలూ, మీతోనే మాట్లాడుతున్నాను.

ఏటా ఒకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. మన ఆడవాళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, జీడిపిక్కలు కొట్టి వేళ్లు అరిగిపోయి ఉంటారు. మిషను మీద వేలు పెడితే పడదు. మీసేవకి నాలుగుసార్లు తిరిగి, పడలేదమ్మా రేపు రా అంటే ఏడుస్తూ వచ్చేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు వేలు అక్కర్లేదు. 2021 నుంచి ముఖం చూపించి చెయ్యొచ్చు. జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ యాప్, రెండూ మీ ఫోన్లో వేసుకుంటే చాలు. మంచం మీద కూర్చున్న ఆవిడ ముఖం ముందు ఫోను పెట్టి, వెలుతురు పడేటట్టు చూసి, ఒకసారి కళ్లార్పు మామ్మా అంటే అయిపోతుంది. ఐదు నిమిషాలు. ఓటీపీ మాత్రం జాగ్రత్త, ఆవిడ కళ్ల ముందే వాడండి. బ్యాంకు వివరాలు ఎవరినీ అడగొద్దు.

రావలసినవి తెలియకపోవడం ఇంకో బాధ. పదిహేనేళ్లు నిండకుండా బయటకి వచ్చిన జవానుకి మామూలుగా పెన్షన్ రాదు. అలాంటివాళ్లు అరవై ఐదు దాటి, వేరే ఆదాయం లేక ఉంటే కేంద్రీయ సైనిక బోర్డు నెల నెలా సాయం ఇస్తుంది. వాళ్లు పోతే వాళ్ల భార్యలకీ ఇస్తుంది. నాలుగు వేలుండేది, మొన్న 2025 నవంబరు నుంచి ఎనిమిది వేలు చేశారు. హవల్దారు ర్యాంకు వరకు, పిల్లల చదువుకి నెలకి వెయ్యి ఉన్నది రెండు వేలయింది, ఇద్దరు పిల్లల దాకా. ఆడపిల్ల పెళ్లికి యాభై వేలు ఉన్నది లక్ష అయింది. ఇంజనీరింగు లాంటి కోర్సుల్లో చేరే పిల్లలకి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, అమ్మాయిలకి నెలకి మూడు వేలు, అబ్బాయిలకి రెండున్నర వేలు. ఇంటర్‌లో అరవై శాతం ఉండాలి, మొదటి ఏడాదే పెట్టాలి. వీటికి వెళ్లాల్సింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి. విజయనగరంలో ఉంది, శ్రీకాకుళంలో ఉంది. పంచాయతీలో ఇంటిపన్ను మినహాయింపు కూడా ఉంది, సెక్రటరీ గారు ఇక్కడే ఉన్నారు, ఆయన్నే అడగండి. వైద్యానికి ఈ.సి.హెచ్.ఎస్. అని మాజీ సైనికుల ఆరోగ్య పథకం కార్డు ఉంటుంది. కానీ ఆ పాలీక్లినిక్ దాకా పెద్దావిడని తీసుకెళ్లేదెవరు? మీ బైకు మీద నెలకొక్కసారి తీసుకెళ్లి, మందులు ఇప్పించి, ఇంటి దగ్గర దింపండి.

ఇప్పుడు విగ్రహాల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను.

ప్రాణాలిచ్చిన కుర్రాళ్లకి మన ఊళ్లలో విగ్రహాలు పెడుతున్నాం. మంచి పని. ఒక ఊళ్లో అలాంటి విగ్రహం దగ్గర ఒకావిడని చూశాను. పొద్దున్నే చెంబుతో నీళ్లు తెచ్చుకుని, పక్షులు పాడుచేసిన భుజాలు పాత గుడ్డతో తుడుస్తోంది. మీ అబ్బాయా అమ్మా అన్నాను. ఔనమ్మా అంది. కాసేపు తుడిచి, విగ్రహం ముఖం వైపు చూపించి, మావోడికి మీసం నేదమ్మా, సిమెంటోలు ఎట్టేసినారు అంది. ఆ విగ్రహం చేయించేటప్పుడు ఎవరూ ఆవిడ దగ్గరకి ఫొటో పట్టుకుని వెళ్లలేదు. పోలిక ఉందా అమ్మా అని అడగలేదు. ప్రారంభానికి పిలిచారు, కుర్చీ వేశారు, శాలువా కప్పారు. అడగవలసిన ఒక్కటీ అడగలేదు. జనవరి ఇరవై ఆరుకి, ఆగస్టు పదిహేనుకి దండలు వేస్తారు. ఎండిపోయిన దండ తియ్యడానికి మళ్లీ ఆవిడే రావాలి.

మీ ఊళ్లో అలాంటి విగ్రహం ఉంటే ఆ తల్లి దగ్గరకి వెళ్లి అడగండి. మీసం చెరపడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక మేస్త్రీ, ఒక పూట. తుడిచే పని వారం వారం స్కూలు పిల్లలు పంచుకోవచ్చు. కుర్రాడి పుట్టినరోజు ఎప్పుడో ఆవిడనే కనుక్కోండి. చనిపోయిన రోజు అందరికీ గుర్తుంటుంది.

ఈ రోజు ఇక్కడ శాలువాలు లేవు, గమనించారా? నేనే వద్దన్నాను, సర్పంచ్ గారు ఒప్పుకున్నారు. ముఖ్య అతిథి వచ్చేదాకా ఎనభై ఏళ్ల పెద్దవాళ్లని ఎండలో కూర్చోబెట్టే సభలు నేను చాలా చూశాను. వాళ్ల కోసం పెట్టిన సభలో వాళ్లే అందరి కంటే ఎక్కువసేపు ఎదురుచూడాలా? వచ్చే జనవరి 14న మాజీ సైనికుల దినోత్సవం. మన సైన్యానికి మొదటి భారతీయ సర్వసేనాని కరియప్ప గారు 1953లో రిటైరైన రోజు అది. మనకి అది భోగి. ఆ తెల్లవారుజామున మీ వీధిలో భోగి మంట వేసేటప్పుడు మిలట్రీ తాతని పిలవండి. ముందు రోజే ఇంటికి వెళ్లి చెప్పండి, ఆయన కోటు తీసి ఎండలో పెట్టుకుంటారు. అగ్గిపుల్ల ఆయన చేతికివ్వండి.

సరే. ఈ ఊళ్లో మాజీ సైనికుల ఇళ్లు పదకొండు ఉన్నాయి. రాత్రి మేం టీచర్లం కూర్చుని జాబితా రాశాం. ఐదు ఇళ్లలో ఆడవాళ్లు ఒంటరిగా ఉన్నారు. నవంబరు దాటిపోయింది, అందులో ఇద్దరికి లైఫ్ సర్టిఫికెట్ ఇంకా కాలేదు. ఇప్పుడే చెయ్యాలి. టీ తాగాక ఇద్దరిద్దరుగా వెళ్దాం, ఒక పిల్లాడు ఫోనుతో, ఒక పెద్దవాళ్లు తోడుగా. పెద్ద చెరువు గట్టు వైపు రెండు ఇళ్లున్నాయి, అటు మాస్టారు గారు వెళ్తానన్నారు. రామాలయం వెనక వీధిలో మొదటి ఇంటి ఆవిడకి చెవులు సరిగ్గా వినబడవు, తలుపు గట్టిగా కొట్టాలి. ఆ ఇంటికి నేను వెళ్తున్నాను. నాతో ఎవరొస్తారు? ఫోనులో చార్జింగు ఉన్నవాళ్లు చెయ్యెత్తండి.